బొందు సంచీ, దాని లెక్కా

క్రోషియా అల్లికను గురించి మనవాళ్ళు మాట్లాడే తీరు నాకు చాలాకాలంగా మింగుడుపడటం లేదు. అల్లేవారు ఆడవారైతే దానికి "కాలక్షేపం" అని పేరు. మరికాస్త మర్యాదగా చెప్పదలచుకుంటే "మంచి హాబీ". అల్లిన వస్తువు టీవీ మీద కప్పే గుడ్డగానో, సోఫా వీపుకు తగిలించే లేసుగానో మిగిలిపోవడం వల్ల ఆ మాట మరింత స్థిరపడింది. రోజూ వాడుకునే వస్తువు ఒక్కటి మొదటి ముడి నుంచి చివరి ముడి దాకా సొంత చేతులతో అల్లి చూస్తే, ఈ "కాలక్షేపం" అన్న మాటలో ఎంత అన్యాయం దాగి ఉందో అర్థమవుతుందని నా అభిప్రాయం. అందుకు నేను ఎంచుకున్న వస్తువు వీపున తగిలించుకునే బొందు సంచీ.

బొందు సంచీ మనకు కొత్తది కాదు. లంగాకు బొందు, దిండు గలీబుకు బొందు, వక్కాకుల తిత్తికి బొందు, అన్నీ మనమెరిగినవే. మూతి చుట్టూ తాడు ఎక్కించి, లాగితే ముడుచుకునే ఏర్పాటు కంటే సులువైన తాళం మరొకటి లేదు. ఆ తాడు కొసలనే కిందికి తెచ్చి అడుగు మూలల్లో కట్టేస్తే, మూతి బిగించే తాడే భుజాలకు పట్టీ అవుతుంది. జిప్పు లేదు, కట్టు లేదు, లోహపు ముక్క ఒక్కటీ లేదు. పుస్తకం, నీళ్ళ సీసా, కళ్ళజోడు పెట్టె, కూరల దుకాణంలో కొన్న నాలుగు నిమ్మకాయలు హాయిగా పడతాయి.

అల్లే విధానమూ సరళమే. కాస్త లావుపాటి నూలు దారం, 4 మిల్లీమీటర్ల సూది చాలును. నేను 54 చైన్లతో మొదలుపెట్టాను. ఆ గొలుసుకు ఒక అంచున అల్లుకుంటూ పోయి, కొసన ఒకే కన్నంలో మూడు కుట్లు వేసి, తిరిగి రెండో అంచున అల్లుకుంటూ వస్తే ఒక చుట్టు 108 కుట్లవుతుంది. సంచీకి అడుగున అతుకు ఉండదు. అక్కడి నుంచి అంతా సింగిల్ కుట్టే, చుట్టూ చుట్టూ పైకి పోవడమే. 76 చుట్లకు సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తు వచ్చింది. ఆపైన ఒక డబుల్ కుట్టు, ఒక చైను, ఒక కుట్టు విడిచి మళ్ళీ డబుల్ కుట్టు. ఇట్లా ఒక చుట్టు వేస్తే బొందు ఎక్కించే 54 కన్నాలు ఏర్పడతాయి. ఈ సంఖ్య సరిసంఖ్య కావడం అవసరం. బయటి నుంచి లోపలికి దూరిన తాడు చుట్టంతా తిరిగి మళ్ళీ బయటికే రావాలి గదా. తాళ్ళు రెండు. ఒకటి కుడి పక్కన దూరి చుట్టూ తిరిగి కుడి పక్కనే బయటపడుతుంది, రెండవది ఎడమ పక్కన అదే పని చేస్తుంది. పిన్నీసు గుచ్చి లాగితే నిమిషాల పని.

రెండు మూడు సంగతులు మాత్రం గట్టిగా చెప్పవలసి ఉంది. లేసుకు అందం దాని కన్నాల్లో ఉంటుంది, సంచీకి మర్యాద కన్నాలు లేకపోవడంలో ఉంటుంది. వదులుగా అల్లితే పెన్ను, తాళంచెవి జారిపోతాయి. నూలు అల్లిక బరువుకు సాగుతుంది కనుక లోపల ఒక పాత చీరముక్కను అస్తరుగా కుట్టుకోవడం మేలు. చుట్టు ముగించకుండా సుడిగా అల్లుకుంటూ పోతే కుట్లు కొద్దికొద్దిగా ఒక పక్కకు ఒరుగుతాయి. అందువల్ల పైన తాడు దూరే చోటును అడుగునుంచి నిట్టనిలువుగా లెక్కించక, సంచీని బల్లమీద పరచి పక్కలు కొత్తగా గుర్తించుకోవాలి. తాడు సన్నగా ఉంటే భుజాన్ని కోస్తుంది, వేలెడు వెడల్పున పట్టీలాగా అల్లడం మంచిది.

ఇక అసలు లెక్క. 108 కుట్లు, 76 చుట్లు. సంచీ ఒంటికే 8,208 కుట్లు. ఒక్కొక్క కుట్టులో సూది దూర్చడం, దారం లాగడం, మళ్ళీ దారం తీసుకొని రెండు ఉచ్చుల్లోంచి లాగడం. అంటే మణికట్టు కదలికలు దీనికి మూడింతలు. నిమిషానికి 12 కుట్ల చొప్పున ఆగకుండా అల్లితే పదకొండు గంటలు దాటుతుంది. తాళ్ళు, అస్తరు, కొసలు దాచడం కలిపి నాకు 14 గంటలు పట్టింది. గంటకు కేవలం 60 రూపాయలు కట్టినా కూలి 840 రూపాయలు. ఇది దారం ఖరీదు కలపకుండా. ఈ అంకెను మనసులో ఉంచుకొని, ఈసారి ఎగ్జిబిషన్‌లో ఇటువంటి సంచీని 400 రూపాయలకు అమ్ముతున్న ఆవిడతో "మూడు వందలకు ఇవ్వరా?" అని అడగడానికి నోరెట్లా వస్తుందో చూడండి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. స్వెట్టరు అల్లే యంత్రం ఉంది, బట్ట నేసే యంత్రం ఉంది. అచ్చమైన క్రోషియాను మాత్రం కర్మాగారాల్లోని యంత్రాలు అల్లడం లేదు. దూరం నుంచి అట్లా కనిపించే లేసును అవి తయారు చేయగలవు గాని, ఒకే సూదితో ఏ కుట్టులోనుంచైనా, ఏ దిశలోనైనా దారం లాగే ఆ స్వేచ్ఛ చేతికే ఉంది. కనుక ఏ పెద్ద దుకాణంలోనైనా అచ్చమైన క్రోషియా వస్తువు చవకగా దొరికిందంటే, దానికి యంత్రం కారణం కాదు. ఎక్కడో ఎవరికో కూలి తక్కువ ముట్టిందన్నమాట.

ఆ "ఎక్కడో" మనకు దూరం కాదు. గోదావరి డెల్టాలో నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఈ అల్లిక పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చి పాతుకుపోయింది. అదే శతాబ్దంలో ఐర్లండులో 1840ల కరవు కాలాన క్రోషియా లేసు ఎన్నో కుటుంబాలకు గంజి పోసింది. అక్కడా ఇక్కడా కూడా అది మొదట పూట గడవడానికి పుట్టిన పనే, పొద్దుపోక పుట్టినది కాదు. నరసాపురం లేసు ఓడలెక్కి ఐరోపా, అమెరికా ఇళ్ళలోని బల్లల మీదికి చేరింది. అల్లిన చేతులు మాత్రం అరుగు దాటలేదు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివరలో ఆ పల్లెల్లో తిరిగి, 1982లో "ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అనే పుస్తకం ప్రచురించారు. అందులో ఆమె తేల్చిన విషయం తల వంచుకునేటట్లు చేస్తుంది. ఇంటి చాకిరీ అంతా చేసుకొంటూనే రోజుకు ఆరేడు గంటలు అల్లే స్త్రీలను ఎవరూ శ్రామికులుగా లెక్కించలేదు. "ఇల్లాళ్ళు తీరిక వేళల్లో చేసే పని" అన్న ఒక్క మాటతో వారికి కనీస కూలికన్నా ఎంతో తక్కువ ముట్టజెప్పడం సాధ్యమైంది. గడప దాటకపోవడమే గౌరవమనుకొనే కుటుంబాలలో ఆ గౌరవం కూడా వర్తకుడికే లాభించింది. ఒకరు పువ్వులు అల్లుతారు, మరొకరు అతుకుపని చేస్తారు, ఆఖరి వస్తువు ఎవరింటికి పోతుందో, ఎంతకు అమ్ముడవుతుందో ఇద్దరికీ తెలియదు. నేను "కాలక్షేపం" అన్న మాటను ఎందుకు పట్టుకొని వేలాడుతున్నానో ఇప్పుడు మీకు బోధపడి ఉంటుంది. ఆ మాట కేవలం మాట కాదు, కూలి తగ్గించే కత్తెర.

2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. కాని ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది, నకిలీలను అడ్డుకుంటుంది. కుట్టుకు ఇంత అని కూలి నిర్ణయించదు. ఇంటిపట్టున పనిచేసేవారి హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందాన్ని తెచ్చింది. దానిని ఆమోదించిన దేశాలు కొద్ది, వాటిలో భారతదేశం లేదు.

"ఎవరి సంచీ వారే అల్లుకుంటే ఆ స్త్రీల పొట్ట కొట్టినట్లు కాదా?" అని ఒక మిత్రుడు అడిగాడు. కాదనే నా నమ్మకం. వంట చేయడం తెలిసినవాడే వంటవాడి చెమటను ఎరుగుతాడు. పొలం దున్నినవాడు బియ్యం ధర దగ్గర రైతును తిట్టడు. మనలో నూరుమంది చెరొక సంచీ అల్లినంత మాత్రాన లేసు వ్యాపారం మూతపడదు, నూరుమంది కొనుగోలుదారులకు మాత్రం కళ్ళు తెరుచుకుంటాయి. రెండో ఆక్షేపణ, రెండు వందలకు పాలియెస్టరు సంచీ దొరుకుతుండగా ఈ శ్రమ ఎందుకని. నిజమే, ధరలో దానితో పోటీ పడలేము. అయితే కుట్టు తెగితే అదే దారంతో మళ్ళీ అల్లుకోవచ్చు, మాసితే ఉతకవచ్చు, విసుగొస్తే మొత్తం విప్పి ఉండ చుట్టి మరొకటి చేసుకోవచ్చు. ఇన్ని జన్మలెత్తే సంచీని ఏ దుకాణంవాడూ అమ్మడు, అమ్మితే అతని వ్యాపారం సాగదు.

కాబట్టి నేను కోరేవి మూడే. అల్లిక నేర్చుకునేవారు అలంకారపు గుడ్డలతో కాక, అరిగిపోయేంతగా వాడే వస్తువుతో మొదలుపెట్టాలి. అల్లి అమ్ముకునేవారు దారం ఖరీదుకు రెండింతలో మూడింతలో అని గాక, పట్టిన గంటలు రాసుకొని వాటికి వెల కట్టాలి. కొనేవారు బేరమాడే ముందు ఆ గంటలెన్నో ఒక్కసారి అడిగి తెలుసుకోవాలి. మగవారు కూడా సూది పట్టాలని వేరే చెప్పనక్కరలేదు. నేను మగవాణ్ణే. బస్సులో అల్లుతుంటే పక్కసీటువారు వింతగా చూస్తారు, అంతకు మించిన ప్రమాదమేమీ లేదు.

మీ ఇంట లేసు అల్లినవారుంటే, వారికి ఆనాడు ఏపాటి కూలి ముట్టిందో అడిగి ఇక్కడ రాయండి. పుస్తకాలకెక్కని ఆ లెక్కలు పోగుచేయవలసిన అవసరం ఎంతైనా ఉంది.