ఎవరు తిన్నారో చూడకుండా మందేమిటి?

కరివేపాకు చెట్టు ఆకులు ఎవరో కొరికేస్తున్నారని నలుగురిలో అనండి చూద్దాం. ఫలానా మందు కొట్టు, వారం ఆగి మళ్ళీ కొట్టు అని నలుగురూ నాలుగు పేర్లు చెప్తారు. ఆకు వెనక్కి తిప్పి చూశావా, ఏ పురుగు కనిపించింది అని అడిగేవాళ్ళు మాత్రం ఒక్కరూ ఉండరు. ఇదే నాకు ఒళ్ళు మండే విషయం.

మందు కొట్టడానికి ఇదేమైనా పత్తి చేనా? పొద్దున కోసి, పోపులో వేసుకునే రెమ్మ. కొత్తిమీర, పుదీనా అయితే పచ్చివే పచ్చట్లోకి వెళ్తాయి. మందు డబ్బా మీద, కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో రాసి ఉంటుంది. రోజూ కోసుకునే చెట్టుకి ఆ గడువు ఎవరు పాటిస్తారు? పైగా కొట్టులో చిన్న సీసాలోకి వంచి ఇచ్చే మందుకి ఆ కాగితమూ ఉండదు, విషం తీవ్రతని చెప్పే రంగు గుర్తూ ఉండదు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు, అయినా సలహాల్లో ఆ పేరు ఇంకా వినబడుతూనే ఉంది. మన కరివేపాకులో మందుల అవశేషాలుంటున్నాయని యూరప్ వాళ్ళు దిగుమతుల మీద ప్రత్యేకంగా తనిఖీలు పెట్టుకున్నారు. మన పోపుగిన్నెకి తనిఖీ చేసేది మనమే కదా!

అసలు మనం ప్రతిదాన్నీ "గొంగళి పురుగు" అనేస్తాం. గొంగళి అంటే కంబళి. ఒంటినిండా బొచ్చున్నదానికే ఆ పేరు తగును. కరివేపాకు తినేదానికి బొచ్చే ఉండదు. చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా, నల్లగా తెల్లటి మచ్చలతో ఆకు మీదే కూర్చుంటుంది. మనం రెట్టేలే అనుకుని వదిలేస్తాం. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో కదిపితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి తీసి ఘాటు వాసన వదులుతుంది. ఆకుని అంచు నుంచి కొరుక్కుంటూ వచ్చి ఈనె మిగులుస్తుంది. ఇది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. గుడ్లు ఒక్కొక్కటిగా పెడుతుంది కాబట్టి కుండీ మొక్క మీద వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. చేత్తో తీసేస్తే సరి. ఎదిగిన చెట్టయితే నాలుగు రెమ్మలు పోయినా దానికి లెక్కే కాదు.

కొత్తిమీర, పుదీనా మడిలో ఆకు జల్లెడలా, పల్చటి కాగితంలా కనిపిస్తే అది వేరే కథ. అది లద్దె పురుగు. ఆకు అడుగున గుడ్లని వందల్లో ఒకేచోట పెట్టి, పైన గోధుమరంగు నూగు కప్పుతుంది. పిల్లలన్నీ గుంపుగా పచ్చదనాన్ని గీరి తింటాయి. ఆ ఒక్క ఆకు తుంచి సబ్బునీళ్ళలో పడేస్తే వందలూ పోయినట్టే. ఆలస్యం చేస్తే చెదిరిపోతాయి. అప్పుడవి పగలు మట్టిలో దాక్కుని రాత్రి తింటాయి. పగలు వెతికి "ఏమీ లేదే" అనుకుంటే లాభం లేదు, రాత్రి భోజనాలయ్యాక సెల్లు లైటు పట్టుకుని వెళ్ళాలి. అప్పుడు దొరికేది నత్త కూడా కావచ్చు! ఆకు మీద మెరిసే జిగురు చార కనిపిస్తే నత్తే. పురుగు మందుతో దానికేం పని?

తులసి ఆకు మడతపడి లోపల సాలెగూడు లాంటి దారాలూ నల్లటి రెట్టా ఉంటే ఆకుచుట్టు పురుగు. మడతలోకి పైపై మందు సరిగ్గా చేరదు. మడిచిన ఆకుని అలాగే తుంచేయడమే.

ఎంత ఏరినా తరగకపోతే బీటీ ఉంది. అది గొంగళి, లద్దె జాతి పురుగుల మీదే పనిచేసే సూక్ష్మజీవి. ఎండకి బలం పోతుంది కనుక సాయంత్రం చల్లాలి, పురుగు తింటేనే చస్తుంది. పేనుబంకకి ఇది కొట్టి "పనిచేయలేదు" అంటే తప్పు దానిదా?

ఇంకో మాట వింటుంటాను. చేత్తో నలిపితే పాపమట. పొద్దున్నే మందు కొడితే ఆ పూల మీద వాలే తేనెటీగలూ, పురుగుల్ని ఏరుకు తినే కందిరీగలూ కూడా పోతాయి. కంటికి కనబడకుండా చచ్చేవాటికి పాపం అంటదు కాబోలు! మనసొప్పకపోతే పురుగుల్ని రెమ్మతో సహా తీసి దగ్గర్లోని పెద్ద నిమ్మ చెట్టు మీదో మారేడు మీదో వదలండి, అక్కడా అవి తింటాయి.

బజార్లో మాత్రం, చిల్లున్న కొత్తిమీర కట్టని మనమే వెనక్కి తోసి నిగనిగలాడేది ఏరుకుంటాం. అమ్మే ఆమె ఊరుకుంటుందా? రేపు పొద్దున మనకి నచ్చేదే తెస్తుంది, అదెలా నిగనిగలాడుతోందో మనం అడగం.