షోకేసులో పెట్టుకోడానికా కొన్నది?

ఇక్కడ అమెరికాలో వారాంతం ఎస్టేట్ సేళ్ళకెళ్ళి పాత గ్లాసులు, డికాంటర్లు ఏరుకొచ్చే పిచ్చి మన ఐటీ జనాల్లోనూ బాగానే ఉంది. తెచ్చినవన్నీ షోకేసులోకి, ఇంటికొచ్చినవాళ్ళకి మాత్రం ప్లాస్టిక్ కప్పులు! నా మటుకు ఇది డబ్బు దండగ.

1950ల నాటి కాక్‌టెయిల్ గ్లాసులు చూడండి, చాలావాటిలో నాలుగైదు ఔన్సులే పడతాయి. పోసింది చల్లగా ఉండగానే అయిపోతుంది, తాగేవాడూ కాస్త అదుపులో ఉంటాడు (ఉండాలని ఆశ). లిబ్బీ వాళ్ళ బంగారు ఆకుల గ్లాసులు ఇప్పటికీ తేలిగ్గానే దొరుకుతాయి. చేత్తోనే కడగాలి, డిష్‌వాషర్లో వేస్తే ఆ బంగారం కాస్తా పోతుంది.

వాడమన్నాను కదా అని అన్నీ ఒకేలా వాడేయకండి. ఆ బరువైన క్రిస్టల్ డికాంటర్ ఉంది చూశారూ, అసలైన లెడ్ క్రిస్టల్ అయితే అందులో కనీసం 24 శాతం లెడ్ ఆక్సైడే. విస్కీ నెలల తరబడి ఉంచితే అందులోకి సీసం దిగుతుంది. పార్టీకి ముందు పోసి, మిగిలింది ఆ రాత్రే మళ్ళీ సీసాలోకి వంపేయండి. పిల్లలకి, కడుపుతో ఉన్నవాళ్ళకి జ్యూస్ కూడా అందులోంచి వద్దు.

రాగి మగ్గులైతే లోపల పూత ఉందో లేదో చూసుకోవాలి, మాస్కో మ్యూల్లో నిమ్మరసం పడుతుంది మరి. మన ఇళ్ళలో పులుసు కాచే ఇత్తడి గిన్నెలకి కళాయి పెట్టించేదీ ఇందుకే.