మన సైకిలు ఏ పేజీలో ఉంది?

ఈమధ్య మావారి స్నేహితుడింటికి వెళ్తే బల్ల మీద సైకిళ్ల పత్రిక కనిపించింది. నిగనిగలాడే ఇంగ్లీషు పత్రిక. వాళ్లిద్దరూ కబుర్లలో పడితే నేను దాన్ని తిరగేయడం మొదలుపెట్టా. నా అవసరం నాది మరి!

మా అక్క కూతురు మా ఇంట్లో ఉండి ఉస్మానియాలో ఎమ్మే చదువుతోంది. తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీకి రోజూ సైకిలే. నెల కిందట రోడ్డువార ఆపి ఉన్న కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంది. పిల్ల కింద పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. దెబ్బ మానింది గానీ, సైకిలు మాత్రం వరండా దిగలేదు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆ పత్రికలో ఉంటుందేమోనని నా ఆశ.

ఏముందీ? ఒంటిచేత్తో ఎత్తగలిగే కార్బన్ సైకిళ్లు, కొండలెక్కే గేర్లు, గుండె వేగం కొలిచే గడియారాలు. ఒక్కో సైకిలు ధరకి మావారి స్కూటర్లు రెండొస్తాయి. వెనక క్యారియరు, ముందు బుట్ట, చున్నీ చిక్కుకోకుండా చైన్ కవరు ఉన్న సైకిలు ఒక్క పేజీలోనూ లేదు. కూరల సంచీ నెత్తిన పెట్టుకోవాలా?

అంతా పనికిరానిదే అనను. సీటు మరీ కిందికుంటే మోకాళ్లు నొప్పెడతాయని అందులోనే చదివా. కూరలకి నేనూ సైకిలు మీదే వెళ్తాను కాబట్టి, సీటు ఎత్తించుకున్నా. ఇప్పుడు హాయిగా ఉంది.

కానీ పత్రిక బతికేది ప్రకటనల మీద. పాత సైకిలుకి ట్యూబూ, బ్రేకు కట్టలూ మార్చుకునే మనకోసం ప్రకటన ఎవరిస్తారు? 2011 జనాభా లెక్కల్లో దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్లలో సైకిలుంది. అయినా పేజీ కొత్తది కొనేవాళ్లదే, పాతది తొక్కేవాళ్లది కాదు.

తమిళనాడులోని పుదుక్కోటై గుర్తుందా? 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది పల్లె స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు చాలక మగవాళ్లవి తొక్కారు. కొందరైతే అవే మేలన్నారట, ముందున్న అడ్డకమ్మీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని! పత్రికాఫీసులో కూర్చుంటే ఆ మాట తడుతుందా?

2023లో మన ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. ముచ్చటే. కానీ తార్నాక నుంచి అక్కడికి సైకిలు తొక్కడానికి వెళ్లాలంటే, ముందు సైకిలుని కారెక్కించాలి!

చివరికి మా పిల్లకి నాకు తోచింది నేనే చెప్పా: "ఆగి ఉన్న కారుకి తలుపు వెడల్పంత దూరంగా పోవే."

"అలా జరిగితే వెనక బస్సువాడు హారన్ కొడతాడు కదా పిన్నీ!" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. రోడ్లు వేసేవాళ్లని అడిగి ఆ జవాబు రాబట్టే పత్రిక ఉంటే చందా కట్టేదాన్ని. మీరేమంటారు?