కువైట్ తెలుగువారి పిల్లల ఫైన్ ఆర్ట్స్ పీజీ చదువు గురించి వినతిపత్రం

కువైట్‌లోని భారత రాయబారి గారికి,
ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,
ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీ అధ్యక్షుల వారికి,

అయ్యా,

కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వచ్చి అబ్బాసియా, ఫర్వానియా, మహబూలా, ఫహాహీల్‌లలో బతుకుతున్న తల్లిదండ్రులం మనవి చేసుకుంటున్నాం. మాలో కంపెనీ ఉద్యోగులున్నారు, డ్రైవర్లున్నారు, కువైటీల ఇళ్లలో ఖాదిం వీసా మీద పనిచేసే ఆడవాళ్లున్నారు. మా పిల్లల్లో కొందరికి బొమ్మలే లోకం. వాళ్లు బి.ఎఫ్.ఏ. చదివి, ఆపైన రెండేళ్ల ఎం.ఎఫ్.ఏ. చెయ్యాలంటే ఎదురయ్యే అడ్డంకులు తమ దృష్టికి తేవడానికి ఈ వినతిపత్రం రాస్తున్నాం.

ఇంజినీరింగ్, మెడిసిన్ కోరుకునే పిల్లలకు ప్రభుత్వం చేసిన మేలు మరిచిపోలేదు. ఎన్‌ఐటీల్లో విదేశాల్లో చదివిన విద్యార్థుల ప్రవేశాలకున్న దాసా పథకం కింద గల్ఫ్ కార్మికుల పిల్లలకు ప్రత్యేక వాటా ఉంది. అందులో సీటొస్తే దేశంలో ఉండే పిల్లలతో సమానంగానే ఫీజు కడతారు. 2021లో నీట్ పరీక్షను కువైట్‌లోనే జరిపించారు. బొమ్మలేసే పిల్లలకు సీట్లలోనూ పరీక్షల్లోనూ ఇలాంటి ఆసరా ఏదీ లేదు. 2006-07లో మొదలై ఇప్పుడు విదేశాంగ శాఖ నడుపుతున్న ప్రవాసుల పిల్లల స్కాలర్‌షిప్పులు ఏటా 150 ఉన్నాయి. వాటిలో మూడో వంతు కువైట్ వంటి వలస అనుమతి తప్పనిసరైన ఈసీఆర్ దేశాల కార్మికుల పిల్లలకే కేటాయించారు. ఎంతో మంచి పని. కానీ ఆ సాయం డిగ్రీతోనే ఆగిపోతుంది. కళాశాలలో అధ్యాపకుడిగా చేరాలంటే పీజీ ఉండాలి కదా! సరిగ్గా బతుకుదెరువు కుదిరే మెట్టు దగ్గరే మా పిల్లల చెయ్యి వదిలేస్తే ఎలా?

అన్నిటికంటే మమ్మల్ని బాధిస్తున్నది స్థానికత. 1974 నాటి ఉత్తర్వు ప్రకారం రాష్ట్రంలో 85 శాతం సీట్లు స్థానికులకే. స్థానికులంటే అర్హత పరీక్ష రాసే ఏడాది వరకు వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవాళ్లు, లేదా అక్కడ నివసించినవాళ్లు. తాతముత్తాతల నుంచీ రాయచోటి వాళ్లమే అయినా, పిల్ల ఇక్కడి ఇండియన్ స్కూల్లో ప్లస్‌టూ వరకూ, ఆపైన డిగ్రీ రాష్ట్రం బయటా చదివిందంటే సొంత జిల్లాలో నాన్‌లోకల్ అవుతుంది. మిగిలిన 15 శాతంలో అందరితోపాటు పోటీ పడాలి. అసలే ఫైన్ ఆర్ట్స్ పీజీలో ఒక్కో విభాగానికి సీట్లు తక్కువ. అందులో 15 శాతమంటే ఎన్ని సీట్లు మిగులుతాయో తమకు చెప్పనక్కర్లేదు. పొట్టకూటి కోసం తల్లిదండ్రులు ఊరు దాటితే పిల్లలకు ఊరు లేకుండా పోవడం న్యాయమేనా?

ఖాదిం వీసా మీద ఉన్న తల్లుల కష్టం వేరు. ఆ వీసాతో పిల్లల్ని తెచ్చుకునే వీల్లేదు. పిల్లాడు ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరుగుతాడు, స్థానికుడే అవుతాడు. కానీ సర్టిఫికెట్లకీ సంతకాలకీ తల్లి స్వయంగా రావాలంటారు. వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, సెలవిచ్చేది అడ్మిషన్ల నెల చూసి కాదు.

ఇక ప్రాక్టికల్ పరీక్ష. మాలో ఒకరి అమ్మాయి ఒక విశ్వవిద్యాలయంలో ఎం.ఎఫ్.ఏ. పెయింటింగ్‌కి దరఖాస్తు పెట్టుకుంది. తేదీ చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికే వేసవి సెలవుల రద్దీలో టికెట్ ధర రెండింతలు దాటింది. నూనెరంగుల కాన్వాసుల్ని చట్రాల నుంచి మేకు మేకూ ఊడదీసి, ప్లాస్టిక్ పైపులో చుట్టి తీసుకెళ్లారు. రంగు పూర్తిగా ఆరని ఒక బొమ్మ కాన్వాసుకి కాన్వాసు అంటుకుని ముఖం దగ్గర పొర లేచిపోయింది. మట్టితో చేసిన తలను ఇక్కడే వదిలి, దాని ఫొటో పట్టుకెళ్లింది. దేశంలో ఉన్న పిల్ల బస్సెక్కి వచ్చి రాసే పరీక్షే ఇది. డ్రాయింగ్ పరీక్షకు కావలసింది ఒక హాలు, బల్లలు, కాగితాలు, మోడల్‌గా కూర్చునే మనిషి, పర్యవేక్షకులు. నీట్ జరిపినచోట దీన్ని జరపడం అసాధ్యమేమీ కాదు.

కువైట్‌లోనే చదివించవచ్చు కదా అంటారేమో. ఇక్కడి ప్రభుత్వ ఉన్నత కళాసంస్థలు నాటకానికీ సంగీతానికీ ఉన్నాయి. ప్రైవేటు యూనివర్సిటీలో గ్రాఫిక్ డిజైన్ డిగ్రీ దొరుకుతుంది, ఫీజు వేల దినార్లు. అది పూర్తిచేసి ఇండియాలో ఎం.ఎఫ్.ఏ.కి వెళ్తే తత్సమాన ధ్రువపత్రం అడుగుతారు, అదే సబ్జెక్టులో బి.ఎఫ్.ఏ. ఉందా అంటారు. అయినా ఈ దేశం కళను ఆదుకున్న తీరు మెచ్చుకోదగ్గది. 1960లోనే ఇక్కడ ఫ్రీ ఆతెలియే పేరుతో ప్రభుత్వం చిత్రకారులకు పనిచేసుకునే చోటిచ్చింది. శిల్పి సామీ మొహమ్మద్ ఆ నీడలో ఎదిగినవారే. సమయానికి ఆసరా దొరికితే ఏమవుతుందో చెప్పే మన రాజమహేంద్రవరం సంగతీ తమకు తెలిసిందే. ఓస్వాల్డ్ కూల్డ్రే అనే అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ గుర్తించి పంపించబట్టే దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదివారు. 1925లో 28 ఏళ్లైనా నిండకుండానే కన్నుమూసినా ఆంధ్ర చిత్రకళకు దారి వేసి వెళ్లారు.

కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వచ్చిందని తెలిసినప్పుడు మేం పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు. కువైట్ దినార్లు ఆ చుట్టుపక్కల ఇళ్లయ్యాయి, బోర్లయ్యాయి, పెళ్లిళ్లయ్యాయి. ఇకమీదట చదువులు కూడా కావాలి. అక్కడ చిత్రకళ, శిల్పం, అప్లైడ్ ఆర్ట్‌లలో ఎం.ఎఫ్.ఏ.ను గట్టిగా నిలబెట్టి, దాసా తరహాలో గల్ఫ్ కార్మికుల పిల్లలకు మామూలు ఫీజుతో కొన్ని సీట్లు కేటాయించవలసిందిగా కోరుతున్నాం. గల్ఫ్‌లో చదివిన కాలాన్ని తల్లిదండ్రుల సొంత జిల్లాలో చదివినట్టే లెక్కించేలా రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి సిఫారసు చెయ్యాలి. ప్రవాసుల పిల్లల స్కాలర్‌షిప్పును పీజీకి పొడిగించే విషయం రాయబారి గారు విదేశాంగ శాఖకు రాయాలి. ఎంబసీ ధ్రువీకరించిన అధికార పత్రం ఉంటే తల్లి బదులు అమ్మమ్మ సంతకం చెల్లేలా కళాశాలలకు ఆదేశాలివ్వాలి.

ఇవన్నీ తేలడానికి సమయం పడుతుందని తెలుసు. ఈలోగా ఒక్కటి వెంటనే చెయ్యవచ్చు. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఆంధ్రా యూనివర్సిటీ, బరోడా, శాంతినికేతన్‌లలో ఏ విభాగంలో ఎం.ఎఫ్.ఏ. లేదా దానికి సమానమైన పీజీ ఉంది, ఫీజెంత, పరీక్ష ఎప్పుడు, ఏ కాగితాలు కావాలి అన్నది తెలుగులో ఒక చిన్న పుస్తకంగా వేయించి ఎంబసీలో అందుబాటులో ఉంచాలి. వచ్చే అడ్మిషన్లకు ముందే, మాకు సెలవుండే ఏదైనా శుక్రవారం, ఈ విషయం మీద తమరిని కలిసి మాట్లాడే అవకాశం ఇప్పించగలరని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
కువైట్‌లోని తెలుగు తల్లిదండ్రులు