ముక్క తప్పితే ఎవరి తప్పు?

పేకముక్క తప్పు తగిలితే ‘మీరే మర్చిపోయినట్టున్నారు సార్’ అనెయ్యమని కొత్త మెజీషియన్లకి నేర్పే గురువులంటే నాకు ఒళ్ళుమంట. 1956లో బీబీసీలో పి.సి. సర్కార్ రంపంతో కోసిన అమ్మాయి లేవకముందే ప్రసారం ఆగిపోయింది; అదే ఆయనకి పేరు తెచ్చింది. పెద్ద ప్రదర్శనలకి అలా చెల్లుతుంది. గౌలిగూడ ఇరానీ హోటల్లో, టీ కప్పుల మధ్య, జానెడు దూరంలో కూర్చున్నవాడి ముందు చెల్లదు. ముక్క తీసిందీ, గుర్తుపెట్టుకుందీ ఆయనే. ఆయన్నే అబద్ధాలకోరుని చేస్తారా?

వీధి గారడీవాడు నయం. గిన్నెలూ బంతుల ఆటలో ఏ బంతి ఎక్కడ తేలుతుందో ముందు చెప్పడు. చెయ్యి జారి ఒకటి దొర్లితే ‘దీనికి తొందరెక్కువ’ అంటూ ఇంకో గిన్నె కింద తోసేస్తాడు. మనవాళ్ళేమో ‘ఇప్పుడు మీ ముక్కే వస్తుంది’ అని ముందే చాటుతారు. రెండో దారి చూసుకోకుండా అంత చాటింపెందుకు? అదీ లేదా, ‘తప్పింది సార్, ఇంకోటి తీయండి’ అనడానికి నోరెందుకు రాదు?