ఆటిజం ఉన్న పిల్లలకు ‘ఎర్రర్‌లెస్ టీచింగ్’: సాయం ఎప్పుడు చేయాలి? ఎప్పుడు తగ్గించాలి?

మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ఆటిజం ఉన్న పిల్లలుంటే మలక్‌పేట నల్గొండ క్రాస్‌రోడ్స్ దగ్గరున్న వికలాంగుల సంక్షేమ భవన్ మీకు తెలిసే ఉంటుంది. దివ్యాంగుల సంక్షేమం చూసే రాష్ట్ర శాఖ కార్యాలయం అక్కడే ఉంది. పథకాలు, ఉపకరణాలు.. ఇలా చాలా పనులకు ఆ మెట్లు ఎక్కాల్సిందే. కానీ ‘రేపు పొద్దున్న మా బాబుకు చేతులు కడుక్కోవడం ఎలా నేర్పాలి?’ అన్న ప్రశ్నకు ఏ దరఖాస్తు ఫారంలోనూ గడి ఉండదు.

ఆ జవాబు కోసం థెరపీ సెంటర్‌కు వెళ్తారు. అక్కడ పిల్లల ఫైలులో ‘ఫుల్ ఫిజికల్ ప్రాంప్ట్’, ‘ఎర్రర్‌లెస్’, ‘ఫేడింగ్’ అని రాసి ఉంటుంది. అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, అంటే ఏబీఏ పద్ధతిలో రోజూ వాడే మాటలివి. సెషన్‌కు ఫీజు కట్టేది మీరే కాబట్టి, వీటి అర్థం తెలుసుకోవడం మీకే అవసరం.

ప్రాంప్ట్ అంటే ఏంటి?

నాటకంలో నటుడు డైలాగ్ మర్చిపోతే తెర పక్క నుంచి అందించే మనిషిని ప్రాంప్టర్ అంటారు కదా. ఇదీ అలాంటిదే. పిల్లలు సరైన పని చేసేలా మనం అందించే సాయమే ప్రాంప్ట్.

చేతులు కడుక్కోవడమే తీసుకోండి. బాబు చేయి పట్టుకుని కుళాయి తిప్పించడం పూర్తి సాయం. మోచేతి దగ్గర చిన్నగా తాకి వదిలేయడం పాక్షిక సాయం. మీరు తిప్పి చూపించడం ఒక రకం, వేలితో కుళాయి వైపు చూపించడం ఇంకో రకం. ‘కుళాయి తిప్పు’ అని చెప్పడం మాట సాయం. ఎక్కువ సాయంతో మొదలుపెట్టి తగ్గిస్తూ రావడం ఒక దారి. తక్కువ సాయంతో మొదలుపెట్టి, అవసరమైతేనే పెంచడం రెండో దారి. కొత్త పనికి సాధారణంగా మొదటిది, సగం వచ్చిన పనికి రెండోది వాడతారు.

తప్పు చేయనివ్వకుండా నేర్పడం ఎందుకు?

అమెరికా సైకాలజిస్ట్ హెర్బర్ట్ టెరేస్ 1963లో పావురాలతో చేసిన ప్రయోగం దీనికి మూలం. ఎరుపు, ఆకుపచ్చ వెలుగుల తేడాను పావురాలకు నేర్పారు. రెండో వెలుగును మొదట్లో చాలా మసకగా, కాసేపే చూపించి, నెమ్మదిగా పెంచుతూ పోయారు. అలా నేర్చుకున్న పావురాలు దాదాపు తప్పులు చేయకుండానే తేడా పట్టేశాయి. ఈ ఆలోచన తర్వాత ప్రత్యేక విద్యలోకి వచ్చింది.

ఇంట్లో దీన్ని ఎలా వాడాలి? గంజ్ నుంచి తెచ్చిన ఉల్లిగడ్డ, ఆలుగడ్డ బల్ల మీద పెట్టి ‘ఉల్లిగడ్డ ఇవ్వు’ అన్నారు. పాప ఆలుగడ్డ తీసింది. ‘కాదు’ అన్నారు. మళ్లీ అడిగారు, మళ్లీ అదే తీసింది. నాలుగోసారికి పాప ఏడుపు మొదలుపెట్టింది. ఆ పూటకు ఆమె నేర్చుకున్నది తప్పు వస్తువు తీయడం, ఈ ఆట ఇష్టం లేకపోవడం.

ఎర్రర్‌లెస్ పద్ధతిలో, అడిగిన వెంటనే ఉల్లిగడ్డ వైపు మీరే వేలు చూపిస్తారు. పాప తీసి ఇస్తుంది. మెచ్చుకుంటారు. ఇలా కొన్నిసార్లు అయ్యాక, వేలు చూపించే ముందు రెండు సెకన్లు ఆగుతారు. తర్వాత నాలుగు సెకన్లు. ఏదో ఒక రోజు మీ వేలు లేవకముందే పాప చేయి ఉల్లిగడ్డ మీద ఉంటుంది. సాయం లేకుండా వచ్చిన ఆ జవాబుకే అన్నిటికంటే పెద్ద మెప్పు దక్కాలి.

చిక్కు ఎక్కడ?

సాయం మొదలుపెట్టడం తేలిక, ఆపడమే కష్టం. ‘చెప్పు నాన్నా, చెప్పు’ అంటేనే నోరు తెరిచే పిల్లలు, అమ్మ ముఖం చూశాకే చేయి కదిపే పిల్లలు ఉంటారు. దీన్ని ప్రాంప్ట్ మీద ఆధారపడటం అంటారు. ముఖ్యంగా మాట సాయాన్ని తగ్గించడం కష్టం, ఎందుకంటే మనకు తెలియకుండానే మాట్లాడేస్తుంటాం. సెంటర్‌లో ‘వంద శాతం సరైన జవాబులు’ అని రిపోర్టు ఇచ్చినా, వాటిలో ఎన్ని సాయంతో వచ్చాయో విడిగా రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

అందుకే ఈ మూడు ప్రశ్నలు అడగండి. ఇప్పుడు ఏ ప్రాంప్ట్ వాడుతున్నారు? దాన్ని ఏ లెక్కన తగ్గిస్తారు? సాయం లేకుండా చేసినవి విడిగా రాస్తున్నారా?

ఏబీఏ మీద విమర్శలూ ఉన్నాయి. చెప్పినట్టు వినడమే లక్ష్యంగా మారుతోందని, పిల్లల ఇష్టాయిష్టాలను పక్కన పెడుతున్నారని ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో చాలామంది అంటున్నారు. ఆ మాటను కొట్టిపారేయలేం. చేయి పట్టుకున్నప్పుడు పిల్లలు వెనక్కి లాక్కుంటే వదిలేయండి, వేరే సాయం వెతకండి. నేర్పే పని పిల్లలకు ఉపయోగపడేదేనా అన్నదీ చూసుకోండి.

ప్రభుత్వం నుంచి ఏం దొరుకుతుంది?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. ప్రత్యేక ఉపాధ్యాయుల పోస్టులను నోటిఫై చేయాలని సుప్రీంకోర్టు 2025 మార్చిలో రాష్ట్రాలను ఆదేశించింది.

నేర్పే పద్ధతుల కోసమైతే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని కేంద్ర సంస్థ ఎన్‌ఐఈపీఐడీకి వెళ్లొచ్చు. 1984లో ఏర్పాటైన ఈ సంస్థలో ఆరేళ్లలోపు పిల్లల కోసం ప్రారంభ దశ చికిత్స కేంద్రం 2021 నుంచి ఉంది. స్కూలు వయసు పిల్లలైతే, సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రం మీ ప్రాంతంలో ఎక్కడుందో మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి. నేషనల్ ట్రస్ట్ ‘నిరామయ’ బీమాలో ఏడాదికి రూ.లక్ష వరకు రక్షణ ఉంటుంది. అందులో థెరపీ ఖర్చుకూ కొంత వాటా ఉంది.

ప్రైవేటు సెంటర్‌లో చేర్చే ముందు స్పెషల్ ఎడ్యుకేటర్‌కు గానీ, క్లినికల్ సైకాలజిస్ట్‌కు గానీ రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. అడిగితే చూపించడం వాళ్ల బాధ్యత.

వారంలో కొన్ని గంటలే సెంటర్. మిగతా రోజులన్నీ మీ ఇంట్లోనే. ఈ రాత్రి అన్నం ముందు కుళాయి దగ్గర నిలబడినప్పుడు ‘తిప్పు’ అనే ముందు మనసులో మూడు అంకెలు లెక్కపెట్టండి. బాబు తనంతట తాను తిప్పితే ఆ విషయం కాగితం మీద రాసి, తర్వాతి సెషన్‌లో చూపించండి.