ఆట నిలిపిన ఏఎం రేడియో

సంగీతం ఎఫ్‌ఎంకు తరలిపోవడంతో 1980వ దశకంలో అమెరికాలోని ఏఎం కేంద్రాలు శ్రోతలను కోల్పోయాయి. మనం మీడియం వేవ్‌గా ఎరిగిన ఆ ప్రసారాలకు గడ్డుకాలంలో ఆసరా అయింది ఆటే. న్యూయార్క్‌లోని డబ్ల్యూఎఫ్‌ఏఎన్ చరిత్రే ఇందుకు నిదర్శనం.

కంట్రీ సంగీతం వినిపించిన డబ్ల్యూహెచ్‌ఎన్ స్థానంలో 1987 జులై 1న 1050 కిలోహెర్ట్జ్‌పై ఇది ఆరంభమైంది. రేయింబవళ్లు క్రీడలకే అంకితమైన తొలి కేంద్రంగా పేరొందింది. ప్రారంభ వార్తలను సుజిన్ వాల్డ్‌మన్ అనే మహిళ చదవడం విశేషం. తొలినాళ్లలో నష్టాలు వెన్నాడాయి. 1988 అక్టోబరులో డబ్ల్యూఎన్‌బీసీకి చెందిన 660 కిలోహెర్ట్జ్‌కు మారాక పరిస్థితి కుదుటపడింది. 50 వేల వాట్ల ఆ ప్రసారం రాత్రివేళ పలు రాష్ట్రాలకు చేరేది.

మ్యాచ్ ప్రసారం ఒక్కటే దీని విజయానికి కారణం కాదు. మ్యాచ్ హక్కులకు భారీగా చెల్లించాలి. చర్చకు మైకు, టెలిఫోను చాలు. ఓడిన జట్టుపై అభిమాని ఆక్రోశమే కార్యక్రమమైంది. 1989లో జతకట్టిన మైక్ ఫ్రాన్సెసా, క్రిస్ రూసో 2008 వరకు ఈ బాణీనే కొనసాగించారు. దేశమంతటా ఇతర కేంద్రాలూ ఇదే బాట పట్టాయి.

2012లో ఈ కేంద్రం సైతం ఎఫ్‌ఎం 101.9పై ప్రసారాలు మొదలుపెట్టింది. 2024 ఆగస్టులో మరో మలుపు. ఎఫ్‌ఎంను వీడిన ఈఎస్‌పీఎన్ న్యూయార్క్ 880 ఏఎంకు చేరింది. దాంతో 1967 నుంచి అక్కడ సాగిన డబ్ల్యూసీబీఎస్ వార్తాప్రసారాలకు తెరపడింది. ఒకనాడు సంగీతం ఖాళీ చేసిన చోట ఆట నిలిచింది. ఈసారి వార్త లేచిన చోట కూర్చుంది. తరంగం మూగబోలేదన్నది ఊరటే. కానీ ఊరి కబురు చెప్పే గొంతు ఒకటి తగ్గిందన్నది మరువరాని నష్టం.